టీవీలో నురగ, మన బోరింగులో నీళ్ళు

స్వర్ణోత్సవ సంచికకు ఏదన్నా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోను చేసినప్పుడు, "బడి జ్ఞాపకాలు అందరూ రాస్తార్రా, నువ్వు ఇంజనీరువి, కాస్త పనికొచ్చేది రాయి" అన్నాడు. పనికొచ్చేది ఏముంటుందా అని నాలుగు రోజులు ఆలోచించాను. పదో తరగతిలో బట్టీపట్టిన పద్యాల్లో సగం ఎప్పుడో పోయాయి. త్రికోణమితి సూత్రాలు పోతే ఉద్యోగం కోసం మళ్ళీ నేర్చుకున్నాను. కానీ 1985లో టీవీలో వచ్చిన సబ్బుపొడి పాట మాత్రం అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా అక్షరం పొల్లుపోకుండా పాడతాను. మన బడి పిల్లల్లో ఆ వయసువాళ్ళందరిదీ ఇదే వరస అని నా నమ్మకం. అందుకని ఆ ప్రకటనల గురించే రాస్తున్నాను. గురువులు మన్నించాలి. చివర్లో నేను చెప్పుకోవలసిన తప్పు ఒకటుంది. అది చదివాక స్నేహితులు కూడా మన్నించాలి.

టీవీ రాకముందు

ముందు కొంచెం చరిత్ర. మన దేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. తమాషా ఏమిటంటే, సర్ఫ్ పొడి మన బజారుకొచ్చిందీ ఆ ఏడాదే. ఆ రెంటికీ పెళ్ళి కుదరడానికి మాత్రం పదహారేళ్ళు దాటింది. దూరదర్శన్ వ్యాపార ప్రకటనలకు తలుపు తీసింది 1976 జనవరి 1న. రేడియోవాళ్ళు అంతకుముందే, 1967లో, వివిధ భారతిలో మొదలుపెట్టారు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల పేరుతో రంగుల టీవీ వచ్చింది. 1984లో దేశమంతటా ఇంచుమించు రోజుకొకటి చొప్పున చిన్న ట్రాన్స్‌మిటర్లు నిలబెట్టారు.

ఈ తారీఖులేవీ దొనకొండకు వర్తించవు. మనకు అప్పటికి ప్రకటన అంటే మూడు రకాలు. ఒకటి గోడ మీద రాసింది. రెండోది రేడియోలో పాటకీ పాటకీ మధ్య వచ్చేది. మూడోది సినిమాహాల్లో వేసే గాజు పలక. బొమ్మ మొదలయ్యే ముందు ఊళ్ళోని బట్టల కొట్టు పేరు, కిళ్ళీ కొట్టు పేరు, పొగతాగరాదు అన్న మాట, ముగ్గురూ ఒకే చేతిరాతలో తెరమీద కనిపించేవారు. తర్వాత ఫిలిమ్స్ డివిజన్ న్యూస్ రీలు. ఎక్కడో వరదలు. "మాకు రావేం?" అని నేల టికెట్టు నుంచి ఎవరో ఒకరు అరిచేవారు. మన పడమటి ప్రకాశంలో వరద అనే మాటకు అర్థం వేరు.

ఒక పెట్టె, వీధి మొత్తం

నేను ఈ ఊరివాణ్ణి కాను. మా నాన్న రైల్వేలో పని చేసేవారు. 1981లో తెనాలి వైపు నుంచి బదిలీ మీద దొనకొండ వచ్చాం. నన్ను ఆరో తరగతిలో చేర్చారు. అప్పుడు మీటరు గేజి, బొగ్గింజన్లు. గుంటూరు నుంచి వినుకొండ, కురిచేడు మీదుగా వచ్చి, గజ్జెలకొండ, మార్కాపురం రోడ్డు దాటి, నల్లమల ఎక్కి నంద్యాల దిగే దారి. లోకోషెడ్డు, రైల్వే క్వార్టర్లు, అవతల తెల్లదొరల కాలంనాటి విమానాల మైదానం. విమానం ఏనాడూ దిగగా చూడలేదు గానీ అక్కడ క్రికెట్ ఆడని మగపిల్లవాడు మన బడిలో లేడు.

1985 వేసవి సెలవుల తర్వాత క్వార్టర్లలో ఒక డ్రైవరు గారింటికి టీవీ వచ్చింది. హైదరాబాదులో ఈసీఐఎల్ వాళ్ళు చేసిన ఈసీ టీవీ, నలుపు తెలుపుది. చెక్క పెట్టె, రెండు వైపులా జరిపే తలుపులు, తలుపుకు తాళం. దేవుడి గదికి కూడా వాళ్ళింట్లో తాళం లేదు.

ఇంజనీరుగా ఒక మాట చెప్పాలి. ఆ చిన్న ట్రాన్స్‌మిటర్లు వంద వాట్లవి. ఇంట్లో బల్బంత శక్తి అన్నమాట. పాతిక కిలోమీటర్లు దాటితే బొమ్మ నిలవడం కష్టం. మనకు దగ్గర్లో ఏదీ లేదు. అందుకని డ్రైవరు గారు ఇంటి కప్పు మీద పొడవాటి ఇనప గొట్టం పాతి, దాని కొసన చేపముల్లులాంటి యాంటెన్నా కట్టి, బూస్టరు పెట్టారు. గాలి వాటం, మబ్బు వాటం, అదృష్టం మూడూ కలిస్తే బొమ్మ. లేకపోతే తడిగుడ్డతో తుడిచిన మార్కాపురం పలకలాగా బూడిద రంగు. ఒక కుర్రాడు మేడ మీద గొట్టం తిప్పుతుంటే, కింద నుంచి "వచ్చింది! పోయింది! ఆగు! ఆ ఆగు!" అని అరవడానికి ఇంకొకడు. మేడ మీదివాడికి ఏ కార్యక్రమమూ కనిపించేది కాదు. పది మంది కోసం ఒకడు త్యాగం చెయ్యడమంటే ఏమిటో నేను అక్కడే నేర్చుకున్నాను. ఎందుకంటే ఎక్కువసార్లు ఆ ఒకడు నేనే.

అప్పట్లో ప్రకటనలు ఇప్పటిలా కథ మధ్యలో జొరబడేవి కావు. కార్యక్రమానికి ముందు అన్నీ వరసగా గుంపుగా వచ్చేవి. 'హమ్ లోగ్' సీరియల్ చూడ్డానికి వీధి వీధంతా ముందే వచ్చి కూర్చునేది. అది 1984 జులైలో మొదలైంది. మ్యాగీ వాళ్ళు డబ్బు పెట్టి తీయించారు. మన దేశంలో వ్యాపారసంస్థ డబ్బుతో నడిచిన మొదటి పెద్ద సీరియల్ అదే. అందులో హిందీ మాటలు మనలో ఎవరికీ సగం కూడా తెలియవు. ఢిల్లీ నుంచి ఉపగ్రహం మీద వచ్చినదాన్నే చిన్న ట్రాన్స్‌మిటర్లు చాలావరకు అలాగే వదిలేవి. తెలుగు ముక్క వినపడితే పండగే. కానీ ప్రకటన అర్థం కావడానికి భాషతో పని లేదు. అవి అర నిమిషంలో ముగుస్తాయి, రోజూ వస్తాయి, పాట ఉంటుంది. పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి పద్ధతి మన బీఈడీ కాలేజీల్లో కూడా చెప్పరు. మన హిందీ మాస్టారు మూడేళ్ళు కష్టపడినా రాని మాటలు మాకు మూడు నెలల్లో వచ్చాయి. ఒకసారి ఆయన 'సమఝ్‌దారీ'ని వాక్యంలో ప్రయోగించమంటే తరగతి మొత్తం ఒక్కసారిగా సర్ఫ్ పేరెత్తింది. ఆయన కోప్పడలేదు. ఆయనకూ తెలుసు, ఆయనా ఆ డ్రైవరు గారింట్లోనే చూసేవారు.

మా పెద్దలు ఏమనుకున్నారు

ఆ ప్రకటనలు తీసిన బొంబాయి వాళ్ళు మా వీధి వ్యాఖ్యానం వింటే ఉద్యోగాలు మానేసేవారు.

లిరిల్ సబ్బు ప్రకటన గుర్తుందిగా. కొడైకెనాల్ దగ్గర జలపాతం కింద ఒక అమ్మాయి కేరింతలు కొడుతూ స్నానం చేస్తుంది. 1970లలో అలీక్ పదమ్సీ గారి బృందం తీసింది. మొదటి అమ్మాయి పేరు కారెన్ లునెల్. ఆ జలపాతాన్ని ఇప్పటికీ అక్కడ లిరిల్ జలపాతం అనే పిలుస్తారు. పట్నాల్లో కుర్రకారు ఆ అమ్మాయిని చూశారట. మా వీధిలో ఆడవాళ్ళు మాత్రం నీళ్ళను చూశారు. "ఎన్ని బిందెలే పోతున్నాయి అట్టా! కింద ఒక తొట్టి అన్నా పెట్టరేం?" అంది పక్కింటి పెద్దమ్మ. ఆవిడ పొద్దున నాలుగింటికి లేచి బోరింగు దగ్గర వరసలో బిందె పెట్టి వచ్చిన మనిషి. ఆ బాధ ఆవిడకే తెలుసు.

ఒనిడా టీవీ ప్రకటనలో కొమ్ములూ తోకా ఉన్న రాక్షసుడు వచ్చేవాడు. ఇరుగుపొరుగు కుళ్ళుకునేంత గొప్ప టీవీ అని దాని సారం. పిల్లలు జడుసుకున్నారు గానీ ముసలమ్మలకు ఒక్క క్షణంలో అర్థమైంది. "కొత్త వస్తువు గదా, దిష్టి తగలకుండా దిష్టిబొమ్మను కూడా వాళ్ళే ఇస్తన్నారు" అన్నారు. ఆ ప్రకటనకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను ఇప్పటిదాకా ఎక్కడా చదవలేదు. కొత్త ఇల్లు కట్టి గుమ్మడికాయ వేలాడదీసే జాతికి అసూయతో వ్యాపారం చెయ్యవచ్చని ఒకరు నేర్పాలా?

పాన్ పరాగ్ ప్రకటనలో అశోక్ కుమార్, షమ్మీ కపూర్ వియ్యంకులు. మగపెళ్ళివారి పెద్ద ఏదో అడగబోతుంటే ఆడపిల్ల తండ్రి గుండె దడదడలాడుతుంది. తీరా చూస్తే అడిగింది కట్నం కాదు, పెళ్ళివారికి పాన్ పరాగ్ తో మర్యాద చెయ్యమని. ఆ ముక్క అర్థమయ్యాక డ్రైవరు గారి అమ్మగారు, "ఇట్టాంటి సంబంధం ఎక్కడుందో కనుక్కోరా" అని కొడుకును అడిగారు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి ఆయన. ఎవరూ నవ్వలేదు.

మ్యాగీ రెండు నిమిషాల్లో అయిపోతుందన్నారు. మా వంటింట్లో పొయ్యి ఊది మంట తెప్పించడానికే పది నిమిషాలు. పైగా ఆ వస్తువు మన ఊరి కొట్లో లేదు. గుంటూరు నుంచి ఎవరో తెస్తే వండి, "సేమ్యా ఉప్మాలో నీళ్ళు ఎక్కువైతే ఇట్టాగే ఉంటది" అని మా అమ్మ తేల్చేసింది.

రస్నా అయిదు రూపాయల పొట్లంతో ముప్ఫై రెండు గ్లాసులన్నారు. మా లెక్కల మాస్టారి శిష్యుణ్ణి కాబట్టి కాగితం మీద లెక్క వేశాను. గ్లాసుకు పదహారు పైసలు పడలేదు. చక్కెర ఎవరిస్తారో, మంచినీళ్ళు ఎవరిస్తారో ఆ లెక్కలో లేదు. బోరింగు నీళ్ళతో కలిపితే నారింజ రంగు ఉప్పునీళ్ళు తయారయ్యాయి. తప్పు రస్నాది కాదు, మన నీళ్ళది. ఆ ప్రకటనలో ముద్దుగా మాట్లాడిన చిన్న పాప అంకిత. 2003లో 'సింహాద్రి'లో ఎన్టీఆర్ పక్కన కథానాయికగా చూసినప్పుడు నాకు వయసు మళ్ళిందని మొదటిసారి అనిపించింది.

నిర్మా, లలితాజీ, మన చాకిరేవు

నా ఉద్దేశంలో అన్నిటికన్నా పెద్ద కథ బట్టల సబ్బుపొడులది. కర్సన్‌భాయ్ పటేల్ గుజరాత్ ప్రభుత్వ ప్రయోగశాలలో పని చేసే రసాయన శాస్త్రవేత్త. 1969లో పెరట్లో పొడి కలిపి, సైకిలు మీద పెట్టుకుని అహమ్మదాబాదు వీధుల్లో అమ్మాడు. కూతురు నిరుపమ పేరు మీద నిర్మా అన్నాడు. సర్ఫ్ ధరలో మూడో వంతు కూడా లేదు. తెల్ల గౌనులో గిరగిరా తిరిగే పాప, వరసగా నలుగురు ఆడవాళ్ళ పేర్లు వచ్చే పాట. దేశం మొత్తం అటే తిరిగింది. దానికి జవాబుగా హిందుస్థాన్ లీవర్ వాళ్ళు లలితాజీని దింపారు. నీలి అంచు చీరకట్టు, గట్టి గొంతు, బేరమాడే మనిషి. చవకగా కొనడానికీ తెలివిగా కొనడానికీ తేడా ఉందని దబాయించి చెప్పేది. చీర అంచు నీలమని నాకు చాలా ఏళ్ళ తర్వాత రంగుల్లో చూశాకే తెలిసింది. ఆ పాత్ర వేసిన కవితా చౌదరి 1989లో 'ఉడాన్' సీరియల్ తనే రాసి, తీసి, నటించింది. పోలీసు అధికారి అయిన తన అక్క జీవితమే ఆ కథ. 2024 ఫిబ్రవరిలో ఆవిడ కన్నుమూసింది. ఆ వార్త చదివిన రోజు మన బ్యాచి వాట్సాపులో ఆవిడకు వచ్చిన నమస్కారాలు చూస్తే బంధువెవరో పోయినట్టుంది.

ఈ ఇద్దరి పోటీలో మన ఊరు ఎవరి పక్షం? నిర్మా పక్షం. ధర ఒక కారణం. రెండో కారణం నురగ. మా అమ్మ తెనాలిలో కాలవ నీళ్ళతో బతికిన మనిషి. దొనకొండ వచ్చిన కొత్తలో ఐదువందల ఒకటి బారు సబ్బు బట్టలకు పట్టించి రుద్దితే నురగ రాలేదు. పెరుగు విరిగినట్టు తెల్లటి తెట్టు మాత్రం బకెట్లో తేలింది. సబ్బు నకిలీదని కొట్టతనితో పోట్లాడింది. అతను నవ్వి, "అమ్మా, సబ్బు మంచిదే, నీళ్ళే మొండియ్యి" అన్నాడు. నిర్మా వచ్చాక ఆ మొండి నీళ్ళలోనే చేతులు మునిగేంత నురగ. మా అమ్మ ఆ రోజు బట్టలు ఉతకడం ఆపి కాసేపు నురగను చూస్తూ కూర్చుంది. టీవీలో చూపించినట్టు మన ఊళ్ళో జరిగిన ఒకే ఒక్క సంగతి అది.

ఎర్ర పళ్ళపొడి

ఇక నా సంగతికి వస్తాను.

మా తరగతిలో ఒక స్నేహితుడుండేవాడు. పేరు రాయొద్దన్నాడు, కథ రాయమన్నాడు. ఈ ఊరి చుట్టుపక్కల పల్లెలో పుట్టి పెరిగినవాడు. మిమిక్రీలో దిట్ట. డ్రైవరు గారింట్లో రాత్రి చూసిన ప్రకటనలన్నీ మర్నాడు పొద్దున ప్రార్థనకు ముందే వేపచెట్టు కింద మళ్ళీ వేసేవాడు. లలితాజీ గొంతు, విక్కో పాట, లిరిల్ కేక, బొమ్మ పోయినప్పుడు వచ్చే 'అంతరాయానికి చింతిస్తున్నాం' అన్న అట్టతో సహా. టీవీ చూడ్డానికి వీలుపడని పిల్లలకు వాడే టీవీ.

వాడి ముందు పళ్ళ మీద గోధుమ రంగు చారలుండేవి. వాడికే కాదు. తరగతిలో సగం మందికి ఎక్కువో తక్కువో ఉండేవి. నాకు లేవు. నేను రోజూ పేస్టుతో తోముకునేవాణ్ణి, వాళ్ళు వేపపుల్లతోనో కచ్చికతోనో తోముకునేవారు. టీవీలో చెప్పేది కూడా అదే కదా. పేస్టు వాడితే ముత్యాలు, లేకపోతే లేదు. కాబట్టి నా పళ్ళు నా గొప్పతనమేనని నేను గట్టిగా నమ్మాను.

అప్పుడు ఒక ఎర్ర పళ్ళపొడి ప్రకటన వచ్చేది. మీకందరికీ గుర్తుండే ఉంటుంది. బడి, మాస్టారు, ఒక కుర్రాడు. కుర్రాడి పళ్ళు ముత్యాల్లా మెరుస్తున్నాయేమని మాస్టారు అడుగుతాడు. వాడు పొడి పేరు చెప్తాడు. మాస్టారి పళ్ళు మాత్రం బాగుండవు. అందరూ నవ్వుతారు.

1985 చివర్లో మన బడి వార్షికోత్సవంలో మా స్నేహితుడు మిమిక్రీ చేశాడు. చప్పట్లే చప్పట్లు. ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చారు. చివర్లో ఈ పళ్ళపొడి ప్రకటన మొదలుపెట్టాడు. మాస్టారి గొంతుతో ప్రశ్న అడిగి, కుర్రాడి గొంతుతో జవాబు చెప్పబోతున్నాడు. ముందు వరసలో కూర్చున్న నేను లేచి, "నీ పళ్ళకు ఏ పొడి వాడావురా? ఇటికపొడా?" అని అరిచాను.

ఆ సాయంత్రం అందరికన్నా పెద్ద నవ్వు నా మాటకే వచ్చింది. వాడు కూడా నవ్వాడు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. ఆ తర్వాత వాడు వేపచెట్టు కింద ఏ ప్రకటనా వెయ్యలేదు. వారం పదిరోజులు నేను గమనించనే లేదు. వాడు కొట్లో ఏదో పళ్ళపొడి కొని, రోజుకు మూడుసార్లు చిగుళ్ళు నెత్తురు కారేదాకా తోముకుంటున్నాడని తర్వాత వాళ్ళ చెల్లెలు మా చెల్లెలికి చెప్పింది.

రెండు సీసాలు

విషయం మన సైన్సు మాస్టారి చెవిన ఎలా పడిందో తెలియదు. ఒకరోజు ఆయన రెండు గాజు సీసాలతో తరగతికి వచ్చారు. ఒకదాంట్లో మన బోరింగు నీళ్ళు. రెండోదాంట్లో బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు. రెంటిలోనూ సబ్బుముక్క వేసి గిలకొట్టమన్నారు. రెండో సీసా నిండా నురగ. మొదటిదాంట్లో తెట్టు. తర్వాత ఇంకో సీసా బోరింగు నీళ్ళలో చిటికెడు నిర్మా వేసి గిలకొడితే నురగ పొంగింది.

కఠిన జలం అంటే ఏమిటో ఆ రోజు అర్థమైనంతగా నాకు ఇంజనీరింగు కాలేజీలో కూడా అర్థం కాలేదు. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని కరగని తెట్టుగా మారుస్తాయి. ఆ రెండూ తీరాకే నురగ. డిటర్జెంటు వేరే రసాయనం, అది ఆ తెట్టు కట్టదు. లోకోషెడ్డులో బొగ్గింజను బాయిలరు లోపల సున్నపు పొర కట్టేదీ ఇలాంటి నీళ్ళతోనే. "మనుషులే కాదురా, ఇంజను కూడా ఈ నీళ్ళు తాగలేదు" అన్నారాయన.

తర్వాత నన్ను లేపారు. "నీ పళ్ళు తెల్లగా ఎందుకున్నాయి?" అన్నారు. పేస్టు పేరు చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఎన్నేళ్ళప్పుడు వచ్చావు ఈ ఊరికి?" పదకొండు అన్నాను. "పేస్టు కాదు. మీ తెనాలి కాలవ. కూర్చో" అన్నారు.

అప్పుడు నీళ్ళలో కంటికి కనపడని ఇంకోటి గురించి చెప్పారు. ఒక బావిలో సున్నం ఎక్కువుంటుంది, ఒక బోరులో ఫ్లోరైడు ఎక్కువుంటుంది. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు చిన్నతనంలో, చిగురు కింద పంటి పింగాణి తయారవుతున్న వయసులో తాగితే ఆ మచ్చ పంటిలోనే పడుతుంది. పుల్ల, బొగ్గు, పేస్టు, పొడి, దేనికీ అది పోదు. పన్ను పైన అంటింది కాదు, పంటితో పాటు పుట్టింది. ఎక్కువ ఏళ్ళు తాగితే ఎముకలు కూడా వంగుతాయి. ఎనిమిదేళ్ళు దాటాక ఈ ఊరొచ్చినవాడికి ముందు పళ్ళ మీద ఆ మచ్చ పడదు. నా గొప్పతనం అంతా మా నాన్న బదిలీ తారీఖులో ఉందన్నమాట.

పెద్దయ్యాక నేను చదివి తెలుసుకున్నది ఒకటి చేరుస్తాను. మన దేశంలో మనుషులకు ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు ఉందని మొట్టమొదట వైద్య పత్రికలో రాసింది 1937లో. రాసినవాళ్ళు షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటి పరిశోధకులు. వాళ్ళు చూసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలు, అంటే 1970లో ప్రకాశం జిల్లాలో కలిసిన మన దర్శి, పొదిలి వైపు ఊళ్ళు. టీవీవాళ్ళు మన పళ్ళను మెరిపిస్తామని చెప్పడానికి యాభై ఏళ్ళ ముందే మన పళ్ళ సంగతి పుస్తకాలకెక్కింది. తాగేనీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే ఒకటిన్నర మించకూడదని ఇప్పుడు జాతీయ ప్రమాణం. అది తెలుసుకుని బావులకు లెక్కకట్టిన ఇంజనీర్లు, సాగరు నీళ్ళను ఊరూరికీ చేర్చడానికి పైపులు వేసినవాళ్ళు మన పిల్లల నవ్వుకు చేసినంత మేలు ఏ పేస్టూ చెయ్యలేదు. ఆ పనికి మాత్రం ఎవరూ పాట కట్టలేదు.

ఆ రోజు బడి వదిలాక వాడి దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సిగ్గుపడ్డాను. తర్వాత పరీక్షలొచ్చాయి, తర్వాత మా నాన్నకు మళ్ళీ బదిలీ వచ్చింది.

ఆ తర్వాత

ప్రకటనల కథ ఎలాగూ నడిచింది. 1987 జనవరిలో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున దేశమంతా టీవీ ముందే. రాముడు కనపడేలోపు సబ్బులూ పేస్టులూ అన్నీ దర్శనమిచ్చేవి. 1989లో బజాజ్ స్కూటరు పాట. 1990ల మొదట్లో క్రికెట్ మైదానంలోకి గంతులేస్తూ దూసుకొచ్చిన క్యాడ్‌బరీ అమ్మాయి. 1995 ఆగస్టులో ఈటీవీ వచ్చాక ప్రకటనలు తెలుగులో మాట్లాడటం మామూలైపోయింది. ఆ తర్వాత చేతికి రిమోటు వచ్చింది. ప్రకటన రాగానే చానలు మార్చే రోజులొచ్చాయి. ఇప్పుడు మా అబ్బాయి ప్రకటనలు రాకుండా ఉండటానికి నెలనెలా డబ్బు కడుతున్నాడు. మేము ప్రకటనల కోసం మేడెక్కి గొట్టం తిప్పామంటే వాడు నమ్మడు.

మన పదో తరగతి గ్రూపు ఫోటో నా దగ్గరుంది. 1986 మార్చిలో తీసింది. ఈ వ్యాసం కోసం బయటికి తీసి చూశాను. ఫోటోగ్రాఫరు నవ్వమని ఎంత మొత్తుకున్నాడో నాకు గుర్తుంది. ముందు వరసలో ఆడపిల్లల్లో ఒక్కరి పన్ను కూడా కనపడదు. అప్పుడు బిడియమనుకున్నాం. రెండో వరసలో ఎడమ నుంచి నాలుగోవాడు మా స్నేహితుడు. పెదాలు బిగించి కెమెరాకేసి చూస్తున్నాడు. వాడి పక్కన పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నది నేను. ఆ ఫోటోలో అలా నవ్వుతున్నవాళ్ళు అయిదారుగురు. చూసుకుంటే అందరూ రైల్వే క్వార్టర్ల పిల్లలే, బయటినుంచి వచ్చినవాళ్ళే. నలభై ఏళ్ళుగా నా దగ్గరున్న ఫోటోలో ఈ సంగతి నాకు ఈ నెలలోనే కనపడింది.

వాడికి ఫోను చేశాను. ఇటికపొడి మాట గుర్తుందా అని అడిగాను. "ఎందుకు లేదు" అన్నాడు. అప్పుడు చెప్పవలసిన మాట ఇప్పుడు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా మనవరాలు సాగరు నీళ్ళు తాగి పెరిగింది. దాని పళ్ళు చూస్తే నీ పళ్ళు కూడా పచ్చగానే కనపడతయ్" అన్నాడు. ఇదంతా సంచికలో రాయనా అంటే, "రాయి. కానీ ఇటికపొడితో ఆపబాకు. నేను లలితాజీని ఎంత బాగా చేసేవాణ్ణో అది కూడా రాయి" అన్నాడు.

రాస్తున్నాను. మన బడిలో లలితాజీని వాడంత బాగా చేసినవాడు ముందూ లేడు, తర్వాతా లేడు. కవితా చౌదరి గారు చూసి ఉంటే ఆవిడే సందేహపడేది.

సంఘం పెద్దలకు ఒక మనవి. స్వర్ణోత్సవం రోజున సాయంత్రం కార్యక్రమంలో అతనికి పది నిమిషాలు ఇప్పించండి. వేపచెట్టు లేకపోయినా ఫరవాలేదు, మైకు చాలు. ముందు వరసలో నన్ను కూర్చోబెట్టండి, ఈసారి నోరు మూసుకుని కూర్చుంటాను. తర్వాత గ్రూపు ఫోటో ఎలాగూ ఉంటుంది. అందులో మాత్రం ఎవరి పెదాలూ బిగించి ఉండకూడదు.

(1986 పదో తరగతి బ్యాచి)